పోనీలే గది

సాగరమేఖల ఓడ విశాఖ రేవు వదిలిన మొదటి గంటలోనే ఫిర్యాదుల బల్ల ముందు జనం వరస కట్టేవారు. గది కిటికీలోంచి సముద్రం సగమే కనిపిస్తోందని ఒకరు, ప్రకటనలో చూపించిన ఈతకొలను ఇదేనా అని ఇంకొకరు, లుంగీ కట్టుకుని భోజనాల హాలుకి ఎందుకు రానివ్వరని మరొకరు. నిబంధనలన్నీ టికెట్టు వెనక అచ్చువేసే ఉండేవి. వాటిని ఎవరూ చదివేవారు కాదు. తీరా అడ్డు తగిలినప్పుడు వచ్చే కోపమంతా బల్ల వెనక నిలబడిన పాతికేళ్ళ ఆడపిల్లల మీద పడేది. ఒక యాత్రలో ఒక పెద్దమనిషి సాంబారు గిన్నె విసిరేశాడు. ఆ అమ్మాయి మెడ మీద చర్మం కమిలిపోయింది.

ఆ మెడ ఫోటో పట్టుకునే, అతిథి సేవల అధికారి శర్వాణి డాక్టర్ ఉపేంద్ర లాబొరేటరీకి వచ్చింది.

ఉపేంద్ర నరాల వైద్యుడు. రోగుల్ని చూడటం తగ్గించి, పదేళ్ళుగా మెదడులో ఒకే ఒక్క పనిని పట్టుకుని కూర్చున్నాడు. మనిషి దేనికోసమైనా ఎదురు చూసినప్పుడు మెదడు లోపల ఒక తక్కెడ కడుతుంది. ఒక పళ్ళెంలో రావలసింది, రెండో పళ్ళెంలో వచ్చింది. రెండోది తేలిపోతే మనసు కలత పడుతుంది, కోపం పుడుతుంది. మొదటి పళ్ళెంలో బరువు కొంచెం తీసేస్తే? దిగులు జబ్బుతో మంచం పట్టినవాళ్ళకి పనికొస్తుందని అతను ఒక కుర్చీ తయారుచేశాడు. తల ఆనించే చోట రెండు తీగచుట్టలుంటాయి. ఏడు నిమిషాలు కూర్చుంటే వాటిలో పుట్టే అయస్కాంతపు తరంగాలు తక్కెడని సవరిస్తాయి. నాలుగైదు రోజులకి మెదడు మళ్ళీ మామూలవుతుంది. ఆస్పత్రులేవీ దాన్ని తీసుకోలేదు. ఓడ తీసుకుంది.

కుర్చీని మూడో అంతస్తులో, బల్లకి దగ్గరగా ఒక చిన్న గదిలో పెట్టారు. అది ఏం చేస్తుందో ఉన్నదున్నట్టు ఉపేంద్ర ఒక కాగితం మీద రాసిచ్చాడు. అది గోడకి అంటిస్తే ఒక్కరూ కూర్చోరని శర్వాణి అంది. కాగితం మార్చారు. 'ఓడ ప్రయాణంలో తల తిరుగుడు, వికారాలకు ఉపశమనం' అని రాసిన కొత్త కాగితం కింద ఉపేంద్ర సంతకం పెట్టాడు. పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అంతకంటే ఎక్కువసేపు ఆగలేదు.

యాత్రకి నాలుగు వందలు దాటే ఫిర్యాదులు నలభైకి దిగాయి. గదిలోంచి బయటకి వచ్చినవాళ్ళు కిటికీలో కనిపించే సగం సముద్రాన్నే చూసి మురిసిపోయేవారు. "పోనీలెండి" అనేవారు. సిబ్బంది ఆ గదికి పోనీలే గది అని పేరు పెట్టుకున్నారు.

ఇంటికి వచ్చినప్పుడు ఉపేంద్ర ఈ సంగతి భార్యకి గొప్పగా చెప్పాడు. నీరజ హైస్కూల్లో సైన్సు టీచరు. అంతా విని, కూర్చునేవాళ్ళకి అదేమిటో చెబుతున్నారా అని అడిగింది. టికెట్టు నిబంధనల్లో ఉందన్నాడు. నలభై ఒకటో నిబంధనలో 'విశ్రాంతి సాధనాల వినియోగం' అనే మాట ఉన్నది నిజమే. నీరజ తింటున్న కంచంలోకి చూస్తూ, "చెప్పకుండా చేస్తే మజ్జిగలో మత్తుమందు కలిపి ఇచ్చినట్టే కదండీ" అంది. నాలుగు రోజుల్లో పోయేదానికి అంత పెద్ద మాట దేనికని అతను విసుక్కున్నాడు.

డిసెంబరు మొదటి వారం యాత్రలో వరహాలమ్మ ఎక్కింది. మల్కాపురం నుంచి వచ్చింది, అరవైకి దగ్గర్లో ఉంటుంది. పోర్టులో పనిచేసి రిటైరైన అన్న, వదినలతో కలిసి వచ్చింది. ఎక్కేచోట ఆమె సంచిలోంచి మాగాయ జాడీ తీసి పక్కన పెట్టారు. బయటి తిండి ఓడలోకి రాకూడదన్నది నిబంధన. ఆమె గొడవ పడలేదు. జాడీ ఎవరిదో, ఎప్పుడు తిరిగిస్తారో కాగితం మీద రాసి ఇమ్మంది. బల్ల దగ్గరి అమ్మాయి రాసిచ్చాక, రాత తనకి రాదని, మూడో తరగతితో చదువు ఆగిపోయిందని, ఒకసారి చదివి వినిపించమని అడిగింది. విని, తల ఊపి వెళ్ళిపోయింది.

రెండో రోజు బంగాళాఖాతంలో అల్పపీడనం లేచింది. ఓడ పుదుచ్చేరిలో ఆగదని ప్రకటించారు. రేవు మార్చే హక్కు కెప్టెన్‌కి ఉందని నిబంధన చెబుతోంది. జనం బల్ల మీదికి విరుచుకుపడ్డారు. ఒక్కొక్కరినే తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టారు. వరహాలమ్మ కూడా ఏడు నిమిషాలు కూర్చుంది. అరగంటలో బల్ల దగ్గరికి తిరిగి వచ్చింది.

ఆమె గొంతు పెంచలేదు. బల్ల మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"కాయితం మీద పాండిచ్చేరి అని రాసినారు కదమ్మా. సముద్రం బాగోనేదంటే నేను కాదన్ను. కానీ గాలి ఉంటే ఆగం అని ఎక్కేముందే సెప్పాల. సెప్పకపోతే, రాసినోడు వచ్చి జవాబు సెప్పాల. మీరు కాదు. మీరు సిన్నపిల్లలు."

ఆ మాటలు విని చల్లబడినవాళ్ళు కూడా ఆమె వెనక చేరడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి ముప్ఫైమంది అయ్యారు. శర్వాణి, ఆ యాత్రలో ఓడలోనే ఉన్న ఉపేంద్ర దగ్గరికి వచ్చి, మీ కుర్చీ ఈవిడకి పట్టలేదు, ఇంకోసారి కూర్చోబెట్టండి, ఇంకొంచెం ఎక్కువసేపు అంది. మనిషికి ఒక్కసారే, ఏడు నిమిషాలే అన్నది ఉపేంద్ర తనకి తాను పెట్టుకున్న నియమం. రెండోసారి ఇస్తే ఏమవుతుందో అతను ఎప్పుడూ పరీక్షించలేదు. అయినా అతనిలో ఒక కుతూహలం ఉంది. ఏడు నిమిషాలకి లొంగని తక్కెడ ఎలాంటిదో చూడాలనిపించింది. తరవాతి రోజుల్లో ఎవరికీ చెప్పుకోలేకపోయింది ఈ కుతూహలం గురించే.

అతనే వెళ్ళి ఆమెని పిలుచుకొచ్చాడు. కూర్చోబోతూ వరహాలమ్మ అడిగింది.

"ఇదేటి సేత్తాది బాబూ?"

"తల తిరుగుడు తగ్గుతుందమ్మా."

"నాకు తల తిరగడం నేదే."

"సాయంత్రానికి ఓడ ఇంకా ఊగుతుంది. ముందుజాగ్రత్తకి."

"డాక్టరువి నువ్వు సెప్తే సరే" అని ఆమె తల వెనక్కి ఆనించింది. ఉపేంద్ర పద్నాలుగు నిమిషాలు పెట్టాడు.

ఆమె బయటకి వచ్చి, వెనక చేరిన ముప్ఫైమందినీ చూసి, పోనీలెండి, గాలికి ఎవరేం చేస్తారు అని చెప్పి, పై అంతస్తుకి వెళ్ళి సముద్రం వైపు తిరిగి కూర్చుంది. జనం విడిపోయారు. శర్వాణి ఆ సాయంత్రం సిబ్బందికి జిలేబీలు తెప్పించింది. విశాఖలో దిగేటప్పుడు వరహాలమ్మ మాగాయ జాడీ అడగలేదు. బల్ల దగ్గరి అమ్మాయి వెనకాలే పరిగెత్తి ఇచ్చింది.

మూడు వారాల తరవాత ఒక మధ్యాహ్నం ఉపేంద్ర లాబొరేటరీకి ఒక స్త్రీ వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన టికెట్ల సంచి. ఆర్టీసీలో కండక్టరు. పేరు కనకం అని, వరహాలమ్మ కూతుర్నని చెప్పింది. ఓడ ఆఫీసులో అడిగితే ఇక్కడికి పంపారట. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆమె చెప్పిందంతా విన్నాక కూర్చోవలసింది తానేనని ఉపేంద్రకి అనిపించింది.

కనకం తండ్రి ఒక కర్మాగారంలో పనిచేసేవాడు. పదకొండేళ్ళ క్రితం బాయిలర్ దగ్గర ఆవిరి గొట్టం పగిలి చనిపోయాడు. 'మృతుని నిర్లక్ష్యం వలన' అని విచారణ నివేదికలో రాశారు. గొట్టం కారుతోందని అతను అంతకుముందు మూడుసార్లు చెప్పాడని తోటి పనివాళ్ళకి తెలుసు. యాజమాన్యం పరిహారం ఇస్తానంది. వరహాలమ్మ తీసుకోలేదు. ఆ ఒక్క మాట కొట్టెయ్యమంది. అందుకోసమే పదకొండేళ్ళు కార్మిక న్యాయస్థానం చుట్టూ తిరిగింది. ముగ్గురు లాయర్లు మారారు, సాక్షుల్లో ఇద్దరు పోయారు. చివరి వాదన డిసెంబరు పద్దెనిమిదిన. దానికి ముందు అమ్మ నాలుగు రోజులు గాలి పోసుకుని వస్తుందని కనకమే పట్టుబట్టి ఓడ ఎక్కించింది.

"పద్దెనిమిదో తారీకు పొద్దున్న చీర తీసి మంచం మీద పెట్టాను సార్. పోనీలేవే, పోయినోడు తిరిగొస్తాడా అంది. లాయరుగారు మూడుసార్లు ఫోన్ చేశారు. అమ్మ పప్పు రుబ్బుకుంటా కూచుంది. కేసు కొట్టేశారు."

ఆమె టికెట్ల సంచి భుజం మార్చుకుంది.

"కూరలో ఉప్పు లేకపోయినా తినేస్తంది. నేను రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా ఏటని అడగదు. డాక్టర్లు అన్నీ బాగున్నాయన్నారు. మీకొక మాట చెప్పాల సార్. మొదటి వారం నేను సంతోషించాను. పదకొండేళ్ళ తరవాత ఇంట్లో నెమ్మది వచ్చిందనుకున్నాను. అది తల్చుకుంటే సిగ్గేస్తంది. మా అమ్మని ఓడ మీద ఏటి చేశారు?"

 పరీక్షలు చేసి చూడాలి అన్నాడు ఉపేంద్ర. ఆ మాట ఎంత పిరికిదో ఇద్దరికీ తెలిసింది.

మర్నాడు మల్కాపురం వెళ్ళాడు. రెండు గదుల రేకుల ఇల్లు. గోడకి కనకం తండ్రి నాయుడి ఫోటో, దాని కింద ఇనప పెట్టెలో పదకొండేళ్ళ అర్జీలు. వరహాలమ్మ అతన్ని చూసి సంబరపడి, కుర్చీ తుడిచి వేసి, టీ పెట్టింది. అతను తెచ్చిన చిన్న పరికరంతో పరీక్షించాడు. తెర మీద రెండు పసుపు చుక్కలు కనిపించాలి. మొదటి చుక్క లేదు. రావలసిన దాని పళ్ళెం పూర్తిగా ఖాళీ. ఏళ్ళ తరబడి ఒకే బరువు మోసిన తక్కెడ అది. పద్నాలుగు నిమిషాల తాకిడికి సవరణ కాలేదు, విరిగిపోయింది.

అతను కుర్చీలోంచి దిగి, ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని అంతా చెప్పాడు. తల తిరుగుడు అన్నది అబద్ధమని, ఆమె నోరు మూయించడానికే రెండోసారి కూర్చోబెట్టానని, ఆమె కోర్టుకి వెళ్ళకపోవడానికి కారణం తానేనని. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

వరహాలమ్మ శ్రద్ధగా విని, అతని భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీలే బాబూ. నువ్వు మాత్రం కావాలని సేసినావా. టీ సల్లారిపోతంది, తాగు."

ఆ క్షమ ఎక్కడినుంచి వచ్చిందో ఉపేంద్రకి తెలుసు. అది ఆమె ఇచ్చింది కాదు. తన కుర్చీ ఇచ్చింది. తన తప్పుకి తానే తయారుచేసుకున్న క్షమ ఆమె నోటి వెంట వచ్చింది. టీ గ్లాసు కింద పెట్టేశాడు. గుమ్మంలో నిలబడ్డ కనకం మొహం చూడలేక, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చేశాడు.

ఆ రోజే కుర్చీని ఆపించమని ఓడ కంపెనీకి రాశాడు. శర్వాణి ఫోన్ చేసింది. ఆమె కోప్పడలేదు. మెడ కాలిన అమ్మాయికి ఇప్పుడేం చెప్పమంటారని మాత్రం అడిగింది.  ఆ అమ్మాయి బాధ నిజం. కానీ వరహాలమ్మ గిన్నె విసిరిన మనిషి కాదు. ఆ మాట చెప్పబోయి ఉపేంద్ర ఆగిపోయాడు. గిన్నె విసిరినవాడిని కూడా చెప్పకుండా ఆ కుర్చీలో కూర్చోబెట్టే హక్కు తనకి లేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళ జాబితా తీసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. ఎక్కువమంది బాగానే ఉన్నారు. తనకి తెలియకుండా సిబ్బంది రెండోసారి కూర్చోబెట్టినవాళ్ళు ఇంకో ముగ్గురు తేలారు. అందులో ఒకతను కాలు విరిగి కట్టు కట్టించుకున్నవాడు, నడక నేర్పే వ్యాయామాలకి వెళ్ళడం మానేశాడట. పోనీలెండి, కూర్చునే ఉన్నాను కదా అన్నాడు.

కనకం లాయరు కేసు తిరిగి తెరవమని అర్జీ వేశాడు. వరహాలమ్మ రాకపోవడానికి కారణం చెబుతూ ఉపేంద్ర ప్రమాణపత్రం ఇచ్చాడు. కోర్టులో కర్మాగారం తరఫు న్యాయవాది అతన్ని నిలబెట్టి, ఓడలో నాలుగు రోజుల వినోదానికి ఒక మనిషి పట్టుదల తీసేశానంటారు, అంతేనా అని అడిగాడు. నమ్మశక్యం కాదని తేల్చడానికి వేసిన ప్రశ్న అది. అంతే అన్నాడు ఉపేంద్ర. హాల్లో ఎవరో నవ్వారు. మర్నాడు పత్రికల్లో వచ్చింది. స్కూల్లో పిల్లల తల్లిదండ్రులు నీరజని అడిగారట, మీ ఆయనేనా అని. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పి, అవునన్నాను అంది.  మజ్జిగ మాట ఆమె మళ్ళీ ఎత్తి ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేది.

ఒక మధ్యాహ్నం, లాబొరేటరీలో ఎవరూ లేనప్పుడు, ఓడనుంచి తిరిగి వచ్చిన కుర్చీలో కూర్చున్నాడు. తల ఆనించాడు. వేలు మీట దాకా వెళ్ళింది. ఏడు నిమిషాలు చాలు. కోర్టు హాల్లో నవ్వు, కనకం మొహం, భుజం మీద పడిన ఆ చెయ్యి, అన్నీ తేలికైపోతాయి. ఈ సిగ్గు పోతే మల్కాపురం వెళ్ళవలసిన పని కూడా ఉండదని అప్పుడే తోచింది. లేచి, తీగచుట్టలు రెండూ విప్పి, కత్తెరతో తుంచేశాడు.

చికిత్స సంగతికి వస్తే, మళ్ళీ యంత్రం అనే మాట ఎత్తగానే కనకం వద్దంది. అతనికీ ఆ ధైర్యం లేదు. ఒకే దారి కనిపించింది. పసిపిల్లలకి ఎదురు చూడటం ఎలా వస్తుంది? అమ్మ వస్తానని వస్తుంది, ఇస్తానని ఇస్తుంది. చెప్పిన మాట జరిగిన కొద్దీ తక్కెడ తయారవుతుంది. వరహాలమ్మకి అలాగే చిన్న చిన్న మాటలు ఇచ్చి, తప్పకుండా నిలబెట్టుకోవాలి. కనకం రోజూ దిగే టైము చెప్పి ఆ టైముకే వచ్చేలా డ్యూటీలు మార్పించుకుంది. ఉపేంద్ర ప్రతి గురువారం నాలుగు గంటలకి వస్తానని చెప్పాడు.

వెళ్ళాడు. జనవరి అంతా, ఫిబ్రవరి అంతా. సరిగ్గా నాలుగింటికి గుమ్మంలో నిలబడేవాడు. ప్రతిసారీ ఆమె కొత్త చుట్టాన్ని చూసినట్టు సంబరపడేది. అతని కోసం ఎదురు చూసిన గుర్తు ఆమె కళ్ళలో ఉండేది కాదు. ఆమె చెప్పే కబుర్లు వింటూ, చీకటి పడకముందే లేచేవాడు. ఆ ఆప్యాయత కింద కూర్చోవడం కన్నా కోర్టు బోనులో నిలబడటమే తేలిక అనిపించేది.

మార్చి రెండో గురువారం గాజువాక దగ్గర లారీ బోల్తాపడి బస్సులన్నీ నిలిచిపోయాయి. ఉపేంద్ర దిగి నడిచాడు. చేరేసరికి అయిదుంపావు. వరహాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కుర్చీ తుడవలేదు.

"నాలుగన్నావు కదా" అంది.

 ఆమె తన నోట్లోంచి వచ్చిన మాటకి కొంచెం తెల్లబోయినట్టు నిలబడింది. లోపల కనకం చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

ఆ తరవాత మెల్లగా అన్నీ వచ్చాయి. చారులో ఉప్పు తక్కువైందంది. కుళాయి నీళ్ళు మురిగ్గా వస్తున్నాయని వీధి చివరి ఆఫీసుకి వెళ్ళి అరగంట నిలబడింది. ఏప్రిల్‌లో ఒక రోజు ఇనప పెట్టె తీసి, నాయుడి కాగితాలన్నీ మంచం మీద పరిచి, డిసెంబరు పద్దెనిమిది అని ఎవరో అన్నట్టు ఉలిక్కిపడింది. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు పక్క ఇళ్ళకి వినపడిందని కనకం ఫోన్‌లో చెప్పింది. కోర్టు అర్జీ ఇంకా తేలలేదు. వాయిదా జూన్‌కి పడింది.

ఆ వారం ఉపేంద్ర వెళ్ళేసరికి టీ లేదు. వరహాలమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా తెల్ల కాగితాలు, పెన్ను. వైద్య మండలికి ఫిర్యాదు రాయాలంది. కనకం డ్యూటీకి వెళ్ళే తొందరలో ఉందని, చదువుకున్నవాడివి నువ్వే రాయమంది. ఎవరి మీద అని అతను అడగలేదు.

ఆమె చెప్పింది, అతను రాశాడు. ఓడ పేరు, తారీకు, గది. నాకు తల తిరగడం లేదని చెప్పినా తల తిరుగుడుకేనని చెప్పి కూర్చోబెట్టినాడు. డాక్టరు గదా అని నమ్మినాను. నా కోపం నా మొగుడి కోసం దాచుకున్నది, దాన్ని నన్ను అడక్కుండా తీసుకున్నాడు. వెనక్కి వచ్చింది, కానీ అది వచ్చేలోపల నా రోజు పోయింది.

చివరి వాక్యం దగ్గర ఆమె ఆగి, రాసింది చదవమంది. అతను చదివాడు. ఒక చోట ఆమె చెయ్యి ఎత్తింది.

"ఏటన్నావు? పొరపాటు అని రాసినావా?"

ఉపేంద్ర కాగితం వైపు చూశాడు. ఆమె ఆ మాట అనలేదు. రాస్తున్నప్పుడు తనకే తెలియకుండా చేతికి వచ్చింది.

"పొరపాటని నేను సెప్పనేదు. మోసం అని రాయి."

అతను ఆ మాట కొట్టేశాడు. దాని పైన, కనిపించేలా, మోసం అని రాశాడు. అక్షరాలు కుదరలేదు. రాసేటప్పుడు మొహం అంతా వేడెక్కింది. కనకం సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగి చూస్తోంది.

"ఇప్పుడు మొదట్నుంచి సదువు" అంది వరహాలమ్మ. "గట్టిగా సదువు. నాకు ఇనబడాల."

అతను గొంతు సవరించుకుని మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టాడు.